ఉన్న తరంగాలతోనే ఎక్కువ పాఠాలు

ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగానే ఉంటాయి, సాయంత్రం ఏడైతే మాత్రం పాఠం వీడియో ఆగి ఆగి వస్తుంది. అత్తిమంజేరిపేటలో తల్లిదండ్రులు మమ్మల్ని తరచూ అడిగే సందేహం ఇది.

ఫోన్లు పనిచేసేది రేడియో తరంగాల మీద. ఆ తరంగాల శ్రేణినే స్పెక్ట్రమ్ అంటారు. అది పరిమితం. వేలంలో కంపెనీ కొనుక్కున్న భాగాన్నే టవరు పరిధిలోని ఫోన్లన్నీ పంచుకోవాలి.

ఒకే గదిలో రెండు తరగతులు నడపడం మన బడులకు తెలిసిందే. ఇద్దరు ఉపాధ్యాయులు ఒకేసారి మాట్లాడితే ఎవరి పాఠమూ వినబడదు. నడుమ గోడ ఉంటే రెండూ సాగుతాయి. 1947లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ ఇంజినీర్లు సూచించింది ఇలాంటిదే: ప్రాంతాన్ని చిన్న చిన్న 'సెల్స్'గా విభజించి, దూరంగా ఉన్న సెల్‌లో అవే తరంగాలను మళ్లీ వాడడం. ఇక్కడ దూరమే గోడ.

2జీలో 200 కిలోహెర్ట్జ్ వెడల్పును ఎనిమిది మంది వంతులవారీగా వాడుకునేవారు. మన దేశంలో 2022 అక్టోబరు 1న ప్రారంభమైన 5జీలో టవరు మీద పదుల సంఖ్యలో యాంటెనాలు పెట్టి, ఫోను ఉన్న దిక్కుకే తరంగాన్ని మళ్లిస్తారు. అందుకే అవే తరంగాల మీద ఒకేసారి పలువురికి వీడియో అందుతుంది.

ఇంట్లో మనం చేయగలిగిందీ ఉంది. వీడియో నాణ్యతను 720 నుంచి 360కి తగ్గిస్తే తెరపై చుక్కలు నాలుగో వంతు అవుతాయి. నల్లబల్ల పాఠానికి అవి చాలు. తెల్లవారుజామునే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే సాయంత్రం రద్దీతో పనిలేదు. తెలుగులో ట్యూషన్ చెప్పేవారు దొరకని పిల్లలకు ఆ వీడియోనే రెండో మాస్టారు.