బయోఫ్లాక్ రొయ్యల సాగు: బెల్లం కొనేముందు జనరేటర్ లెక్క చూడండి

"నీళ్లు మార్చక్కర్లేదు, మేత సగం చాలు, చిన్న ట్యాంకులో టన్నుల రొయ్యలు" అనే షార్ట్స్ మీ ఫోన్లో కూడా వచ్చే ఉంటాయి. జాబ్ మానేసి, లోన్ తీసుకుని ఇది పెట్టేద్దామా అని నన్ను చాలామంది అడుగుతున్నారు. బయోఫ్లాక్ నిజంగానే పనిచేస్తుంది. కానీ ఆ షార్ట్స్‌లో చెప్పనిది ఒకటుంది. ముందు ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం.

భీమవరం, నెల్లూరు వైపు మనం చూసే చెరువుల్లో ఎక్కువగా పెంచేది వనామీ. 2009లో మన దేశంలో దీనికి అనుమతి వచ్చింది. రొయ్యకి వేసే మేతలో ప్రొటీన్ సుమారు 35 శాతం ఉంటుంది. అందులోని నైట్రోజన్‌లో ఎక్కువ భాగం రొయ్య ఒంటికి పట్టదు, నీళ్లలోకే వచ్చి అమ్మోనియా అవుతుంది. అది రొయ్యలకి విషం. మామూలుగా అయితే నీళ్లు మారుస్తాం.

బయోఫ్లాక్‌లో ఆ పని బ్యాక్టీరియాకి అప్పగిస్తాం. బెల్లం, మొలాసిస్ లాంటి కార్బన్ ఇస్తే అవి అమ్మోనియాని తినేసి పెరుగుతాయి. మిగిలిన మేత, నాచు, సూక్ష్మజీవులతో కలిసి చిన్న చిన్న ముద్దలు కడతాయి. అదే ఫ్లాక్. రొయ్య దాన్నీ తింటుంది. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త యోరామ్ అవ్నిమెలెక్ ఈ కార్బన్-నైట్రోజన్ లెక్కని 1999లో వివరంగా రాశారు.

ఆ లెక్క సింపులే. 10 కిలోల మేతలో ప్రొటీన్ 3.5 కిలోలు. అందులో 16 శాతం, అంటే 560 గ్రాములు నైట్రోజన్. సగం అమ్మోనియాగా వస్తుందనుకుంటే 280 గ్రాములు. దానికి 20 రెట్లు, అంటే 5.6 కిలోల కార్బోహైడ్రేట్ కావాలి. ఇది మొదలుపెట్టడానికి మాత్రమే. తర్వాత టెస్ట్ కిట్‌లో అమ్మోనియా ఎంత చూపిస్తే దాన్ని బట్టి తగ్గించుకుంటూ వెళ్లాలి.

ఇప్పుడు అసలు పాయింట్. ఆ బ్యాక్టీరియా కూడా ఊపిరి పీలుస్తాయి! రొయ్యలకీ, ఫ్లాక్‌కీ కలిపి ఆక్సిజన్ కావాలి. అందుకే ఏరియేటర్లు 24 గంటలూ తిరగాలి. తిరగకపోతే ఫ్లాక్ అడుక్కి చేరి కుళ్లుతుంది కూడా. రొయ్యలు బాగా ఒత్తుగా ఉన్న ట్యాంకులో కరెంట్ పోతే గంటలోపే ఆక్సిజన్ ప్రమాదస్థాయికి పడిపోవచ్చు. మామూలు చెరువులో దొరికే టైమ్ ఇక్కడ దొరకదు. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, బ్యాకప్ లేని సర్వర్ మీద కంపెనీ మొత్తం నడుపుతున్నట్టు. నీళ్ల ఖర్చు తగ్గుతుంది, కరెంట్ ఖర్చు పెరుగుతుంది. ఆ బిల్లూ, జనరేటరూ, డీజిలూ కలిపాక కూడా లాభం కనిపిస్తేనే ముందుకెళ్లండి.

రోజూ చూడాల్సినవి మూడు. ఆక్సిజన్ లీటరుకి 4-5 మిల్లీగ్రాముల కంటే తగ్గకూడదు. ఆల్కలినిటీ 100 మిల్లీగ్రాముల పైన ఉండాలి. ఇక ఫ్లాక్. కోన్ ఆకారం గాజు పాత్రలో లీటరు నీళ్లు పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచితే, అడుగున 10-15 మిల్లీలీటర్లు చేరాలి. అంతకంటే బాగా ఎక్కువైతే మొప్పలకి ఇబ్బంది, ఆక్సిజన్ కూడా లాగేస్తుంది. కొంత తీసేయాలి.

ఇంకోటి, తెల్లమచ్చల వైరస్‌కి బయోఫ్లాక్ మందు కాదు. బయటి నీళ్లు తక్కువ వాడితే వైరస్ వచ్చే దారి ఒకటి తగ్గుతుంది అంతే. పిల్లలోనే వైరస్ ఉంటే ఫ్లాక్ ఏమీ చేయలేదు. అందుకే పీసీఆర్ టెస్ట్ చేసిన సీడ్ మాత్రమే వేయండి.

ఎవరైనా ట్యాంక్ సెటప్ అమ్మడానికి వస్తే రెండే అడగండి: "కరెంట్ పోతే ఎంతసేపట్లో జనరేటర్ అందుకుంటుంది? రాత్రి 2 గంటలకి దాన్ని ఆన్ చేసేదెవరు?" జవాబు తడబడితే, లోన్ కాగితాల మీద సంతకం పెట్టకండి.