వంటగట్టు దగ్గర బాలే

మా యలహంక న్యూటౌనులో తెల్లవారుజామున చెరువుగట్టు మీద నడిచే మగవారికి కొదవ లేదు. మఫ్లరు చుట్టుకుని, చేతులూపుకుంటూ, రాజకీయాలు మాట్లాడుకుంటూ వెళ్తారు. ఆ వేళకు వారి ఇళ్లలోని ఆడవారు డికాక్షను దిగిందా లేదా అని ఒక కంటా, పిల్లల టిఫిను డబ్బాలను ఒక కంటా చూసుకుంటూ వుంటారు. నడకకు వెళ్లమని డాక్టరు చెప్పారమ్మా, తీరిక ఏదీ? అన్న మాట మన సంఘం సమావేశాలలో ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. అటువంటి సోదరీమణుల కోసం, వంటగదిలోని గట్టు పట్టుకుని చేసుకోదగిన ఒక వ్యాయామాన్ని గురించి నాలుగు మాటలు వ్రాస్తున్నాను. దీనికి మూలం ఐరోపావారి బాలే నృత్యం. మొదట వినగానే నేను నవ్వినమాట దాచను.

మా అత్తగారికి డెబ్బది రెండేళ్లు. నిరుడు స్నానాలగదిలో కాలు జారి పడ్డారు. మణికట్టు ఎముక విరిగింది. ఆరు వారాలలో ఎముక అతికింది గాని ఆవిడకు ధైర్యం మాత్రం తిరిగి రాలేదు. గడప దాటాలంటే గోడ పట్టుకునేవారు. మేడ దిగడం మానివేశారు. గుడికి వెళ్లడం మానివేశారు. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి వచ్చి చూసి, చెయ్యి కన్న కాళ్లు ఎక్కువ బలహీనంగా వున్నాయని చెప్పి, ఒక కాగితం మీద బొమ్మలు వేసి ఇచ్చింది. గట్టు పట్టుకుని మోకాళ్లు కొంచెం వంచి లేవడం, మడమలెత్తి మునివేళ్ల మీద నిలవడం, ఒక కాలు ప్రక్కకు చాచడం - ఇవీ ఆ బొమ్మలు.

అదే సమయంలో మా అమ్మాయి ముందుగదిలో సెల్‌ఫోను ఎదురుగా పెట్టుకుని, కుర్చీ పట్టుకుని ఏదో చేస్తూ వుండేది. అది 'బార్' వ్యాయామమట. ఆ కాగితం చేతిలోకి తీసుకుని, "నాయనమ్మా, ఇది మా ప్లియే గదా! ఇదేమో రెలవే!" అన్నది. ఆ మాటతో నాకు ఈ విషయం మీద శ్రద్ధ కలిగింది.

మనవారిలో చాలమందికి బాలే అంటే రంగస్థలం మీద ఆడే నృత్యనాటిక అని అర్థం. అసలు బాలే ఇటలీ రాజసభలలో పుట్టి, ఫ్రాన్సులో శాస్త్రమైనది. ఆ దేశపు రాజు పదునాలుగవ లూయీ 1661లో నృత్యానికి ఒక రాజ విద్యాసంస్థనే స్థాపించాడు. అందుకే ఈనాటికీ అడుగుల పేర్లన్నీ ఫ్రెంచిలోనే వున్నవి. ప్లియే అంటే వంచినది, రెలవే అంటే పైకెత్తినది, తాందు అంటే చాచినది. నర్తకులు గోడ వెంబడి బిగించిన కొయ్య కమ్మీని పట్టుకుని మొదట ఈ సాధన చేస్తారు. ఆ కమ్మీ పేరే బార్. ఎంత పేరున్న నర్తకి అయినా ప్రతి ఉదయం కమ్మీ దగ్గర మొదలుపెట్టవలసిందే.

దానిని నర్తకులు కాని స్త్రీలకు వ్యాయామంగా మలచినది లోటె బెర్క్ అనే ఆవిడ. 1913లో జర్మనీలోని కొలోన్ నగరంలో పుట్టింది. యూదుల బిడ్డ కావడం చేత నాజీల బాధ పడలేక భర్తతో లండనుకు చేరుకున్నది. తరువాత నడుముకు దెబ్బ తగిలింది. నృత్యసాధననూ, నడుము బాగుచేసే వ్యాయామాలనూ కలిపి ఒక పద్ధతి ఏర్పరచుకుని, 1959లో లండను మాంచెస్టరు వీధిలో ఒక నేలమాళిగ గదిలో స్త్రీలకు నేర్పడం మొదలుపెట్టింది. ఆవిడ శిష్యురాలు లిడియా బాక్ 1971లో న్యూయార్కుకు తీసుకుపోయింది. అక్కడి నుంచి లోకమంతా ప్రాకింది. అనగా ఈ పద్ధతి పుట్టుకలోనే దెబ్బ తగిలిన శరీరం ఒకటి వున్నది. ఫిజియోథెరపీ కాగితానికీ మా అమ్మాయి కసరత్తుకూ పోలిక కుదరడంలో వింత లేదు.

2020లో కరోనా వచ్చి అందరూ ఇళ్లలో చిక్కుకున్నప్పుడు, న్యూయార్కు సిటీ బాలే ప్రధాన నర్తకి టైలర్ పెక్ తన తల్లిదండ్రుల ఇంటి వంటగదిలో గట్టు పట్టుకుని సాధన చేస్తూ, ఫోను ద్వారా అందరికీ పాఠాలు చెప్పింది. మన వంటగట్టుకు ఇంతకన్న గౌరవం ఏముంటుంది?

ఇది పరదేశపు వేషమని కొందరు పెద్దలు ముఖం చిట్లించవచ్చు. కూచిపూడి నేర్చే పిల్ల మొదట కొన్ని నెలలు ఏమి చేస్తుంది? అరమండిలో కూర్చుంటుంది. మోకాళ్లు ప్రక్కలకు తిప్పి, నడుము నిటారుగా నిలిపి, తొడలు మండేదాకా వుంటుంది. ప్లియేకు అది దగ్గర చుట్టమే. రుక్మిణీదేవి అంతటి ఆవిడ అన్నా పావ్‌లోవా ప్రోత్సాహంతో ముందు బాలే నేర్చి, ఆ తరువాతనే భరతనాట్యానికి వచ్చింది. మనకు సమీపాన హెసరఘట్టలో 1990లో ప్రతిమా బేడీ స్థాపించిన నృత్యగ్రామంలో ఒడిస్సీ నేర్చేవారికి శరీరసాధన కూడా పాఠంలో భాగమే.

పూర్వం రోకలి పోటు, తిరగలి వుండేవి, ఈ బెడద లేదు అని మరికొందరంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. మా అమ్మమ్మ తిరగలి విసిరింది, నడుము వంగిపోయి పోయింది. పని వేరు, వ్యాయామం వేరు.

ఇక చేసే విధానం. గట్టు ఇంచుమించు మోచేతి ఎత్తున వుంటుంది గనుక అనుకూలం. దాని మీద వేళ్లు ఆనించాలి గాని వ్రేలాడరాదు. మొదటిది: మడమలు దగ్గరగా, మునివేళ్లు కొంచెం ఎడంగా పెట్టి, మోకాళ్లను సగం కన్న తక్కువగా వంచి మెల్లగా లేవాలి. మోకాలు పాదం వ్రేళ్ల దిక్కుకే వంగాలి. బొమ్మలలోని నర్తకుల వలె పాదాలు పూర్తిగా ప్రక్కలకు తిప్పుదామని బలవంతం చేయరాదు. ఆ తిప్పడం తుంటి కీలు నుంచి రావాలి. పాదం నుంచి తిప్పితే మోకాలు మెలిపడి నొప్పి వస్తుంది. రెండవది మడమలెత్తడం. లేచేటప్పుడు కన్న దిగేటప్పుడు మరింత మెల్లగా దిగాలి; పిక్కలకు బలం అక్కడే వస్తుంది. మూడవది, ఒక కాలి మీద నిలిచి రెండవ కాలు వెనుకకో ప్రక్కకో జానెడు చాచి, అక్కడే చిన్నచిన్నగా కదల్చడం. ఇది సులభంగా కనిపిస్తుంది. పదిసార్లు కాకముందే నిలబడిన కాలు వణుకుతుంది. కండరం అలిసినందువల్ల వచ్చే వణుకు మంచిదే. కీలులో పోటు వస్తే మాత్రం ఆపివేయాలి.

పొయ్యి వెలుగుతుండగా చేయవద్దు, పమిట చెంగు వున్నది. నునుపు టైల్సు మీద మేజోళ్లతో అసలు చేయవద్దు. తడి లేని నేల మీద వట్టి పాదాలు శ్రేష్ఠం. తేలికపాటి ప్లాస్టికు కుర్చీని నమ్మరాదు, మనతోపాటు అది కూడా ఒరుగుతుంది. ఎముకలు బోలు పడినవారు, తల తిరిగేవారు ముందు డాక్టరును అడగాలి.

దీనితో అంతా అయిపోయిందనుకోవద్దు. గుండెకూ ఊపిరికీ ఇది చాలదు. నడక వుండనే వుండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా ప్రకారం పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు శ్రమ, రెండు రోజులు కండరాల సాధన కావాలి. అరవై అయిదు దాటినవారు వారానికి మూడు రోజులైనా నిలకడకూ బలానికీ సంబంధించిన సాధన చేయాలి. ఈ చివరి దానికే మన గట్టు పనికివస్తుంది. బార్ చేస్తే శరీరం నర్తకి వలె సన్నబడి పొడుగవుతుందని ప్రకటనలు చేస్తుంటారు. పొడుగవడం వట్టి మాట. కండరం బలపడుతుంది, నిలువు చక్కబడుతుంది, అంతవరకే.

మా ఇంట్లో పదింటికి, వంట ముగిసి పొయ్యి ఆర్పిన తరువాత, ముగ్గురం వరుసగా నిలబడతాము. అమ్మాయి ఫ్రెంచి పేర్లు చెబుతుంది. అత్తగారికి అవి నోరు తిరగవు. లెక్కకు బదులు గోవిందనామాలు అనుకుంటారు, మడమ ఎత్తినప్పుడు ఒకటి, దింపినప్పుడు ఒకటి. మొదలుపెట్టి అయిదు నెలలయింది. పూజ పీట మీద నుంచి లేవడానికి ఇంకా నా చెయ్యి కావాలి. మేడ మాత్రం తానే దిగుతున్నారు. పోయిన శనివారం గుడి మెట్ల దగ్గర నేను చెయ్యి అందించబోతే, "వుండవే, నన్ను చూడనీ" అన్నారు.