కోరుకున్నావా... చిక్కుకున్నావా!

వరాలూ, వాటి తిప్పలూ మనవాళ్ళకి కొత్త కాదు. వరమిచ్చిన శివుడి నెత్తిమీదే చెయ్యి పెట్టబోయాడు భస్మాసురుడు. ఇంద్రాసనం అడగబోయి, నాలిక మెలికపడి, నిద్రాసనం పుచ్చుకున్నాడట కుంభకర్ణుడు! అదే కథ ఇప్పుడు బుల్లితెరమీద బొమ్మల రూపంలో రోజూ ఆడుతోంది. కాకపోతే శివుడి స్థానంలో చెవుల్లేని నీలం పిల్లి వచ్చి కూచుంది, అంతే తేడా.

అవునండీ, డోరేమాన్ గురించే చెబుతున్నాను. ఫుజికో ఎఫ్. ఫుజియో సృష్టించిన ఈ మరపిల్లి 1969 డిసెంబరులో జపాన్ పిల్లల పత్రికల్లో పుట్టింది. 1979 ఏప్రిల్ నుంచి అక్కడి టీవీ అసాహీలో పాతుకుపోయింది. 2005లో మన దేశానికొచ్చి ముందు హిందీలో మాట్లాడి, ఆనక తెలుగు కూడా నేర్చుకుంది.

ఫార్ములా చాలా సింపుల్. నోబితా ఏడుస్తాడు. పిల్లి పొట్టజేబులోంచి ఏదో వింత వస్తువు తీస్తుంది. కాసేపు కుర్రాడి పని మహరాజు వైభోగం. ఆ తర్వాత? గోవిందా!

అడిగిందే దొరికింది, అదే కొంప ముంచింది

మచ్చుకి మూడు చెబుతాను. ఒకటి జ్ఞాపకాల రొట్టె. పుస్తకంలో పేజీమీద అద్ది తింటే పేజీ మొత్తం బుర్రకెక్కుతుంది. మనవాడు పరీక్షకోసం కడుపు పగిలేలా తిన్నాడు. కడుపు చెడింది. రొట్టెతోపాటు చదువూ బయటికి పోయింది!

రెండోది రెట్టింపు మందు. మన సున్నుండంత మిఠాయిమీద ఒక్క చుక్క వేస్తే అయిదు నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. లెక్క వేసి చూడండి. గంటకి 4,096. రెండు గంటలకి 1,67,77,216! తినలేక, పారెయ్యలేక, చివరికి రాకెట్‌లో పెట్టి ఆకాశానికి పంపించారు.

మూడోది నవ్వుతూ నవ్వుతూ ఉలిక్కిపడేది. మీట నొక్కితే గిట్టనివాడు మాయం. అలా ఒక్కొక్కరినీ మాయం చేసి, చివరికి కోపంలో అందరినీ మాయం చేసేశాడు నోబితా. ఊరంతా తనదే. పలకరించే నాథుడు లేడు! అది నియంతలకి బుద్ధి చెప్పడానికి చేసిన మీట అని పిల్లి వచ్చి చెప్పేదాకా కుర్రాడికి ప్రాణం లేచిరాలేదు.

ఈమధ్య దేవరాపల్లిలో మా అక్కావాళ్ళింట్లో రొట్టె ఎపిసోడ్ పిల్లలతో కలిసి చూశాను. మేనల్లుడు నా భుజం కుదిపి, "మావయ్యా, నాకా రొట్టి దొరికితే సదవక్కర్లేదు కదేటి?" అన్నాడు. పక్కన చిక్కుడుకాయలు ఒలుస్తున్న వాళ్ళ నాయనమ్మ తలెత్తకుండానే, "తిన్నది అరిగిపోతాదిరా నాయనా! సదివిందయితే అరగదు" అంది. ఈ వ్యాసంలో ఇంతకన్నా మంచి డైలాగు నేను రాయలేను.

నిషేధించాలా?

ఈ పిల్లిమీద కోపం ఉన్న పెద్దలు లేకపోలేదు. పిల్లలు బంగ్లా మానేసి హిందీ మాట్లాడుతున్నారని 2013లో బంగ్లాదేశ్ హిందీ డోరేమాన్‌ని ఆపేసింది. 2016లో పాకిస్తాన్ పంజాబ్ శాసనసభలో నిషేధించాలంటూ తీర్మానమే పెట్టారు. మన ఇళ్ళల్లోనూ "సోమరితనం నేర్పుతోంది" అనే ఫిర్యాదు వింటూనే ఉన్నాం.

గంటలకొద్దీ టీవీకి అతుక్కుపోతే నష్టమే, కాదనను. కానీ కథ నేర్పేది సోమరితనం మాత్రం కాదని నా వాదన. అడ్డదారి తొక్కిన ప్రతిసారీ నోబితా బోర్లాపడుతున్నాడు కదా! నీతి పద్యం చెప్పే పనే ఇదీ చేస్తోంది. కాకపోతే బెత్తం లేకుండా చేస్తోంది.

2001లో అమెరికాలో మొదలైన 'ది ఫెయిర్లీ ఆడ్ పేరెంట్స్' కార్టూనుదీ ఇదే దారి. పదేళ్ళ టిమ్మీకి కోరికలు తీర్చే దేవతల జంట దొరుకుతుంది. వాళ్ళకో రూల్సు పుస్తకం. అయినా కోరిన ప్రతి కోరికా ఎదురుతన్నడమే!

మన వెండితెర మాటేమిటి?

కార్టూనువాళ్ళకి ఓ సుఖం ఉంది. కోటి మిఠాయిలు కావాలంటే గీస్తే చాలు. 1951లో 'పాతాళభైరవి'కి మాయలన్నీ కెమెరాతోనే పలికించాల్సొచ్చింది మార్కస్ బార్ట్‌లీ. అందులో తోటరాముడికి కోరింది ఇచ్చే బొమ్మ దొరికింది. బొమ్మ చేతులు మారగానే మేడా మాయం, రాకుమారీ మాయం! శక్తి ఎవరిచేతిలో ఉంటే వాళ్ళమాటే వింటుందని కె.వి.రెడ్డిగారు ఆనాడే చూపించారు.

ఇక 1994లో ఎస్.వి.కృష్ణారెడ్డి 'యమలీల'. రేపు జరిగేది ఈరోజే తెలిస్తే ఎంత బాగుణ్ణు! అలీకి ఆ భవిష్యవాణి గ్రంథమే దొరికింది. హాలంతా నవ్వులు. అదే పుస్తకంలో తల్లి మరణం కనపడేసరికి ఆ నవ్వులన్నీ గొంతులో ఆగిపోయాయి.

కార్టూనుకీ మన సినిమాకీ తేడా ఇక్కడే ఉందనిపిస్తుంది నాకు. నోబితా ఎన్ని తప్పులు చేసినా మర్నాటికి అన్నీ యథాస్థానంలో ఉంటాయి. వాడి వయసు కూడా పెరగదు! అలీకి మాత్రం తెలిసింది తెలియకుండా పోయే దారి లేదు.

కుర్రకారు పాఠకులారా! మీకూ కోరికలుంటాయి. స్టార్ అవ్వాలనీ, ఒక్కరోజులో పేరు రావాలనీ. కోరుకోండి, వద్దనడానికి నేనెవర్ని? కాని రెట్టింపు మందు చుక్క వేసేముందు, దాన్ని ఆపే మందు జేబులో ఉందో లేదో ఒక్కసారి తడిమి చూసుకోండి!