వీరాపురంలో పక్షుల ఛాయాచిత్రణ

వీరాపురం, శ్రీ సత్యసాయి జిల్లా (2022 వరకు అనంతపురం జిల్లా), చిలమత్తూరు మండలానికి చెందిన గ్రామము. ఇక్కడి చింతచెట్లపై ఎర్రకాళ్ళ కొంగలు (పెయింటెడ్ స్టార్క్) గూళ్ళు కట్టి పిల్లలను పెంచుతాయి. వీటిని సైబీరియా కొంగలని పిలవడం వాడుకలో ఉన్నా, ఇవి దక్షిణాసియాకు చెందిన పక్షులే. గ్రామస్థులే వీటికి రక్షకులు.

ఛాయాగ్రాహకులకు సూచనలు

గూళ్ళకు దూరంగా నిలిచి చిత్రించడానికి 400 మి.మీ. నాభ్యంతరం గల టెలిఫోటో కటకం అనుకూలం. ఎగిరే పక్షి రూపం చెదరకుండా ఉండాలంటే షట్టరు వేగం సెకనులో 1000వ వంతుగానో, అంతకన్నా ఎక్కువగానో ఉండాలి. ముదురు ఆకుల నడుమ కొంగ తెల్లని ఈకల వివరం పోకుండా ఎక్స్‌పోజరును కొంత తగ్గించాలి. ఫ్లాష్ వాడరాదు. తల్లిపక్షి బెదిరి లేచిపోతే గుడ్లు, పసిపిల్లలు ఎండకు, కాకులకు బలి కావచ్చు. కనుక పక్షి మెడ నిక్కించి చూడగానే వెనుకకు తగ్గడం అవసరం.