నాలుగు తీగెల పిచ్చి

పాట పెట్టుకుని మీరు ఎవర్ని వింటారు? బాలు గారినీ, చిత్ర గారినీ కదూ! నేను మాత్రం ఆ గొంతుల కింద నేలలా పరుచుకున్న బాస్ గిటారుని వింటాను. 1989 నాటి 'గీతాంజలి' పాటలు మరోసారి వేసి, ఇళయరాజా ఆ నాలుగు తీగెల మీద ఏం పలికించారో గమనించండి. చిన్న స్పీకరులో వద్దు సుమా! అన్నిటికన్నా లావు తీగె సెకనుకి 41 సార్లే కంపిస్తుంది. దాన్ని మోయాలంటే పెద్ద స్పీకరూ, దమ్మున్న ఆంప్లిఫయరూ ఉండాలి.

మా హనుమాన్ జంక్షన్‌లో తీగెల వాద్యం అంటే పక్కనున్న నూజివీడు వీణే. అలాంటి చోట పాత బాస్‌లు పోగుచేస్తానంటే నవ్వరూ మరి!

గిటార్ల మోజు జేబుకి చేటు. వాల్వు ఆంప్లిఫయర్ల మోజు ప్రాణానికే! లోపల నాలుగైదు వందల వోల్టులుంటాయి. ప్లగ్గు పీకేసినా ఫిల్టరు కండెన్సర్లలో కరెంటు దాక్కుని ఉంటుంది. రెసిస్టరు పెట్టి దాన్ని ఖాళీ చేసి, మీటరు సున్నా చూపించాకే చెయ్యి పెట్టాలి. పాత సెట్లు 'గుంయ్' మంటున్నాయంటే చాలాసార్లు ఆ కండెన్సర్లు ఎండిపోయినట్టే. అవి మార్చేస్తాను, ట్రాన్స్‌ఫార్మరు జోలికి పోను.

పాతవాటిని ముట్టుకోకుండా అద్దాల బీరువాలో దాచాలనేవాళ్లున్నారు. నాకది నచ్చదు. బీటిల్స్ పాల్ మెకార్ట్‌నీ 1961లో కొన్న హాఫ్‌నర్ బాస్ 1972లో లండన్‌లో చోరీ అయింది. దొరికిందని 2024 ఫిబ్రవరిలో ప్రకటించారు. బాగుచేయించి, ఆ డిసెంబరులోనే ఆయన లండన్ వేదిక మీద వాయించేశారు!

ప్రస్తుతం నా బల్ల మీదున్న సెట్టులో ఒక వాల్వు ప్లేటు ఎర్రగా కాలుతోంది. బయాస్ పోయిందో, కప్లింగ్ కండెన్సరు లీకో... అమ్మ మాత్రం ముందా స్విచ్చి కట్టెయ్యమంటోంది.