వెదురునారి విల్లు

శబరీనదికి చేరువనున్న దోర్నాపాల్ నుండి జగర్‌గుండా వైపు పోవు అడవిబాటమీద చింతలనార్ అను గ్రామము కలదు. ఒకప్పుడు బస్తరు సంస్థానమునందలి జమీందారీలలో ఒకదానికి పేరిచ్చిన ఈ యూరు నేడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున సుక్మా జిల్లాలో చేరియున్నది. కోయలు, దొర్లలు వసించు ఈ సీమలోను, దీనికి ఉత్తరమున మాడియా గోండులు వసించు కొండలలోను తరతరములుగా మనిషి భుజమును వీడని యంత్రమొకటి కలదు. అది వెదురు విల్లు. దానిని యంత్రమనుట అతిశయోక్తి కాదు. బాహుబలమును మెల్లమెల్లగా గ్రహించి, తనలో దాచుకొని, వేలు సడలిన క్షణమున దానినంతయు ఒక్కసారిగా బాణమున కప్పగించు సాధనమును యంత్రమనక మరేమందుము?

ఇరువది కిలోల బరువును మోయునంతటి బలముతో, రెండడుగుల మేర నారిని లాగిన విలుకాడు సుమారు అరువది జౌళ్ల శక్తిని వింటికొమ్మలలో నిక్షేపించును. అందు సగమునకు మించిన భాగము, ముప్పది ఆరు జౌళ్లే యనుకొందము, ముప్పది గ్రాముల బాణమునకు సంక్రమించినచో, అది సెకనుకు దాదాపు 49 మీటర్ల వేగమున పోవును. చేతితో విసరిన ఏ ఈటెయు ఇంత వేగము నందుకొనజాలదు. చేయి ఈటెనే కాక తన బరువును కూడ కదలించుకొనవలసియుండగా, విల్లు తేలికయగుటచేత తన్ను తాను కదలించుకొనుటకు స్వల్పశక్తినే వ్యయపరచును. ఈ తేలికదనములోనే దాని చరిత్ర యంతయు ఇమిడియున్నది.

విల్లు ఎన్నడు పుట్టినదో నిర్ణయించుట కష్టము. దక్షిణాఫ్రికాలోని సిబుడు గుహలో లభించిన, అరువదివేల యేండ్లకు పైబడిన చిన్న రాతిమొనలను బాణములకు సంబంధించినవిగా పరిశోధకులు భావించుచున్నారు. మనదేశపు విల్లును గూర్చిన ప్రాచీన సాక్ష్యములలో మిక్కిలి ముచ్చటైనది గ్రీకు చరిత్రకారుడైన హెరొడోటస్ వ్రాసినది. క్రీ.పూ. 480లో గ్రీసుపై దండెత్తిన పారశీక చక్రవర్తి క్సెర్‌క్సీజు సేనలో భారతీయ యోధులుండిరనియు, వారు వెదురుజాతి గడలతో చేసిన విండ్లను, అట్టివే గడలతో చేసి ఇనుపమొనలు తొడిగిన బాణములను ధరించియుండిరనియు ఆయన తెలిపెను. ఇరువదియైదు శతాబ్దులు గడచినవి. బస్తరు విల్లంబుల వర్ణన నేటికిని ఇదియే.

ఇక బస్తరు వింటిలో నన్ను మిక్కిలి ఆశ్చర్యపరచునది దాని నారి. ఇతర దేశములలో నారికి పట్టు, నరములు, జనపనార, తోలు వాడుకలో నుండగా, ఇచ్చటి గోండు తెగలవారు వెదురు నుండియే పలుచని బద్దను చీల్చి అల్లెత్రాడుగా బిగించిరి. వంగవలసినదియు వెదురే, వంచవలసినదియు వెదురే! చేతికందిన దానితో సరిపెట్టుకొనిన పేదరికముగా దీనిని చూచువారు పొరబడినవారే. నారికి కావలసిన గుణములు రెండు. అది సాగరాదు, బరువుగా నుండరాదు. సాగు నారి తాను కొంత శక్తిని మింగును. బరువైన నారియో, తన బరువులో మూడవవంతును బాణముతోపాటు మోయించుకొనును. ఆరు మిల్లీమీటర్ల వెడల్పు, రెండు మిల్లీమీటర్ల మందము, మీటరున్నరకు కొంచెము తక్కువ పొడవు గల వెదురుబద్ద పండ్రెండు గ్రాములకు మించి తూగదు. కాని, లోపము లేని నార యగునెడల, అది తెగుటకు ముందు నూట ఎనుబది కిలోల లాగుడునకు తాళగలదు. చిక్కెల్ల కణుపుల వద్దనే. అచ్చట నారలు వంకరలు తిరిగి అడ్డుగా అల్లుకొనియుండుటచేత బద్ద బలహీనపడును. కణుపు ఉబ్బును నున్న చేయబోయి కత్తితో ఒక్క పొర ఎక్కువ తీసినచో నారి అచ్చటనే పుటుక్కుమనును.

వెదురునకు ఈ శక్తి ఎట్లు వచ్చినది? గడను అడ్డముగా కోసి చూచినచో లేతపసుపు కండలో నల్లని చుక్కలు కానవచ్చును. ఆ చుక్కలే నారల కట్టలు. లోపలివైపున అవి విరళముగా చెదరియుండి, పైతోలును సమీపించిన కొలది ఇరుకిరుకుగా క్రిక్కిరిసియుండును. సిమెంటు కాంక్రీటులో ఇంజనీరు ఉక్కుచువ్వలను ఎక్కువ లాగుడు పడుచోట అమర్చినట్లు, గాలికి వంగు గడలో ఎచ్చట సాగుడు హెచ్చో అచ్చటనే ప్రకృతి నారలను కూర్చినది. అందుచేత తోలువైపు కండ యెంత అమూల్యమో, లోపలి కండ అంత చౌక. గడలలోను అన్ని జాతులు సమానములు కావు. మన అడవులలో సాధనపు వెదురు అని పిలువబడు జాతి గడలు తరచుగా గుల్లలేక గట్టిగా నుండును.

1638లో గెలీలియో దూలములెట్లు విరుగునో విచారించెను. 1678లో రాబర్ట్ హుక్ లాగుడును బట్టియే సాగుడుండునను సూత్రమును ప్రకటించెను. 1807లో అచ్చైన తామస్ యంగ్ ఉపన్యాసములనుండి పదార్థముల బిగువును కొలుచు గుణకమునకు ఆయన పేరు వచ్చినది. ఆ కొలమానములతో వెదురును, ఉక్కును పక్కపక్కన నిలుపుదము. సంఖ్యలు స్థూలములు, గడగడకును మారును. సాధారణపు మెత్తని ఉక్కు 200 గిగా పాస్కళ్ల గుణకము గలది. 250 మెగా పాస్కళ్ల ప్రతిబలమునకు లొంగిపోవును. అనగా మీటరు పొడవున ఒకటింబావు మిల్లీమీటరు సాగగానే తిరిగి యథాస్థితికి రాలేదు. వెదురు గుణకము 15 గిగా పాస్కళ్లు, బలము 150 మెగా పాస్కళ్లనుకొన్నచో, అది మీటరుకు పది మిల్లీమీటర్ల సాగుడును సహించును. ఆ లెక్కన కిలోగ్రాము మెత్తని ఉక్కు ఇరువది జౌళ్లను మాత్రమే దాచగలుగగా, కిలోగ్రాము వెదురు వేయి జౌళ్లకు పైగా దాచును. స్ప్రింగులకై ప్రత్యేకముగా పదును పెట్టిన ఉక్కు సైతము మూడువందల జౌళ్లకు కొంచెము మించును. పరిమాణమును బట్టి చూచినచో ఆ స్ప్రింగు ఉక్కుదే గెలుపని ఒప్పుకొనవలయును. కాని వింటికొమ్మ తన బరువును తానే విసరుకొనవలసిన దగుటచేత ఇచ్చట తూకమే తీర్పరి.

ఉక్కు విల్లు ఊహామాత్రము కాదు. మొగలాయీల కాలమునను, తరువాతను మనదేశమున ఉక్కు విండ్లు విస్తారముగా తయారైనవి. అవి మ్యూజియములలో నేటికిని కనిపించును. కొమ్ము, నరములు, జిగురు కలిపి చేసిన మేలైన విండ్లు వానకాలపు తేమకు జిగురూడి పాడగుచుండగా, ఉక్కు విల్లు ఆయుధశాలలో ఏండ్ల తరబడి పడియుండియు పనికి వచ్చుచుండెను. వేగమున తక్కువైనను నిలకడకై దానిని మెచ్చిరి. జిగురే లేని వెదురు విల్లున కట్టి చిక్కు లేదు, పాడైనచో మరియొక గడ కలదు.

విల్లు చేయుటలోని ఒడుపు చెక్కుటలో నున్నది. బద్దను వంచి, వంపును కనిపెట్టి, బిగువుగా నిలిచిన చోట కొంచెము చెక్కి, మరల వంచి చూచుచు పోవలయును. కొమ్మ పొడవునంతట సాగుడు సమముగా పంచబడువరకు ఈ పని సాగును. ఎక్కడో ఒకచోట ఎక్కువ పలుచనైనచో అచ్చటనే వంపు పోగుపడి విల్లు విరుగును. నేడు ఇంజనీరు ప్రతిబలముల పటమును గీసి చేయు పనిని ఆ పనివాని కన్ను చేయుచున్నది. ఇట్టి చూపును చదువు లేని నేర్పని తక్కువ చేయుట నాకు న్యాయముగా తోచదు.

నారలు లాగుడునకు ఎంత గట్టివో నొక్కుడునకు అంత గట్టివి కావు. నొక్కినచో అవి ముడుతలు పడును. అందుచేత విల్లు తరచుగా బయటి ముఖమున తెగుటకు ముందే లోపలి ముఖమున అలసిపోవును. రాత్రింబవళ్లు ఎక్కుపెట్టి యుంచిన విల్లు వంపు తిరిగి మెత్తబడుటకు కారణమిదియే. బరువు క్రింద చాలకాలము నిలిచిన వెదురు మెల్లమెల్లగా జారిపోవును, విడిచినను మునుపటి రూపమునకు పూర్తిగా రాదు. విలుకాడు పని తీరగానే నారిని ఒక కొననుండి జార్చి వింటికి విశ్రాంతినిచ్చుట ఇందుకే.

వేట ఇప్పుడు చట్టవిరుద్ధమైనది; పోటీలలో కార్బన్ నారలతోను, గాజునారలతోను చేసిన విండ్లదే రాజ్యము. అయినను మన జాతీయ విలువిద్యా పోటీలలో ‘ఇండియన్ రౌండ్’ అను విభాగము కలదు. ఖరీదైన విదేశీ పరికరము కొనలేని పల్లెటూరి బాలబాలికలు దేశవాళీ వెదురు విల్లుతోనే అందు గురి చూచుచున్నారు.