చమురు ధరల పతనం – మన ఉద్యోగాలు

చమురు ధర పడిపోయిందన్న వార్త వినగానే స్కూటరు గలవాడు సంతోషిస్తాడు. (ఆ సంతోషమూ నిలవదు, 2014–16 మధ్య ముడిచమురు చౌక అయిన కొద్దీ మన ప్రభుత్వం ఎక్సైజు సుంకం పెంచుతూ పోయింది.) కాని హైదరాబాదు పాతబస్తీలోను, కరీంనగరు, నిజామాబాదు ప్రాంతాలలోను అదే వార్తకు కలవరపడే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. కొడుకో, అల్లుడో గల్ఫ్‌లో ఉన్నాడు. అతని కొలువు నిలుస్తుందా? డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థులు కూడ ఇదే అడుగుతారు: "సార్, ఇప్పుడు వెళ్ళవచ్చునా?" అవునని గాని కాదని గాని చెప్పేముందు, ధర పడినప్పుడు ఉద్యోగాలు ఏ వరుసలో పోతాయో, వాటిలో తిరిగి వచ్చేవెన్నో తెలుసుకోవాలి.

1973 అక్టోబరు యుద్ధం నాటికి పీపా ముడిచమురు ధర సుమారు 3 డాలర్లు. 1974 ఆరంభానికి 12 డాలర్లను సమీపించింది. గల్ఫ్ రాజ్యాలలో రహదారులు, రేవులు, నగరాలు లేచింది ఆ ధనంతోనే. మనవాళ్ళు పెద్ద సంఖ్యలో బయలుదేరిందీ ఆ రోజులలోనే. 1986లో ధర 10 డాలర్ల దాకా దిగింది. 2014 జూన్‌లో 115 డాలర్లున్నది 2016 జనవరిలో 30కి లోబడింది. 2020 ఏప్రిల్ 20న అమెరికా చమురు వాయిదా ధర సున్నా దాటి మైనస్ 37 డాలర్లకు చేరింది. అనగా సరుకు తీసికొనిపోయేవానికే ఎదురు సొమ్ము ఇవ్వవలసి వచ్చింది! రెండేళ్ళు తిరగకుండానే, 2022 మార్చిలో, అదే చమురు 120 డాలర్లు దాటింది.

ధర పడగానే కంపెనీ మొదట ఆపేది రేపటి ఖర్చును. కొత్త బావుల అన్వేషణ, డ్రిల్లింగ్ ఆగిపోతాయి. భూగర్భ శాస్త్రజ్ఞుడు, సర్వే బృందం, రిగ్గుపై పనివారు, ఆ రిగ్గులకు సేవలందించే కంట్రాక్టర్లు ముందుగా ఇంటిదారి పడతారు. ఇదివరకే తవ్విన బావి మాత్రం చమురు ఇస్తూనే ఉంటుంది. దాని పెట్టుబడి ఎన్నడో పెట్టివేశారు గనుక ఆపితేనే నష్టం. రిఫైనరీ సంగతి వేరు. అది చమురు కొనే పక్షం. ముడిచమురు చౌకయితే దానికి ప్రమాదమేమీ లేదు. 2020లో మాత్రం వాహనాలే ఆగిపోయి వాడకం తగ్గినందున రిఫైనరీలూ దెబ్బతిన్నాయి. విశాఖపట్నంలో కాల్‌టెక్స్ సంస్థ 1957లో ప్రారంభించిన రిఫైనరీ పైన చెప్పిన పతనాలన్నిటినీ చూసింది. చమురు ధర ఎంతయినా, కొన్నేళ్ళకొకసారి యంత్రాలు ఆపి మరమ్మతులు చేయవలసిందే. ఆ షట్‌డౌన్ పనులకు వెల్డర్లు, పైపు ఫిట్టర్లు, ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్లు కావాలి.

పోయినవన్నీ తిరిగి వస్తాయా? అమెరికాలో 2014 చివర 1,900 రిగ్గులు పనిచేసేవి. 2016 మే నాటికి 400 మిగిలాయి. 2018లో అక్కడి చమురు ఉత్పత్తి మునుపెన్నడూ లేనంతకు పెరిగింది, కాని రిగ్గులు వెయ్యి పైచిల్లరే. చమురు తిరిగి వచ్చింది, కొలువులు అన్ని రాలేదు.

ఇక మనవాళ్ళు. గల్ఫ్‌కు వెళ్ళినవారిలో అత్యధికులు చమురు బావిని కంటితో చూసినవారు కారు. వారు ఇల్లు కట్టేవారు, వాహనం నడిపేవారు, దుకాణంలో లెక్కలు వ్రాసేవారు. ప్రభుత్వానికి చమురు సొమ్ము, ప్రభుత్వం నుంచి కంట్రాక్టరుకు, అతని నుంచి ఉపకంట్రాక్టరుకు, చివరకు కూలికి. పై గిన్నె ఎండితే అట్టడుగు గిన్నెలో చుక్క పడదు. 2016 జులై, ఆగస్టులలో సౌదీలో నెలల తరబడి జీతాలు అందక వేలాది భారతీయ కార్మికులు శిబిరాలలో ఆకలితో ఉంటే, జెద్దాలోని మన కాన్సులేటు అన్నం పొట్లాలు పంచవలసి వచ్చింది. 2017 జులై నుంచి వెంట ఉన్న ప్రతి కుటుంబసభ్యునికి నెలకు 100 రియాళ్ళు, ఆపై ఏటేటా మరొక వంద చొప్పున పన్ను పడింది. పాతబస్తీలో 'ఖురూజ్' అనే మాట ఆ రోజులలో పిల్లల నోట కూడ వినిపించింది. 2011లో సౌదీ తెచ్చిన నితాఖత్ విధానం, 2016లో సెల్‌ఫోను దుకాణాల పనులు స్వదేశీయులకే కేటాయించడం వేరే సంగతి. ఆ కొలువులు ధర పెరిగినా మనవైపు తిరిగి రావు.

చదువు ఎంచుకునేవారు మరొకటి గమనించాలి. 2011, 2012లలో ధర 100 డాలర్ల పైన ఉండగా ఉత్సాహంతో పెట్రోలియం ఇంజనీరింగులో చేరినవారు, 2015, 2016లలో పట్టాలు పుచ్చుకొని బయటికి వచ్చేసరికి తలుపులు మూసి ఉన్నాయి. దీనికి తిరగబడిన ఉదాహరణ కూడ ఉన్నది. 1986 తరువాత కంపెనీలు చాలకాలం కొత్తవారిని అంతగా తీసికోలేదు. ఇరవయ్యేళ్ళకు అనుభవజ్ఞులు పదవీ విరమణకు వస్తే వారి స్థానంలో నిలిచేవారు కరవయ్యారు. కాబట్టి అందరూ పారిపోయేటప్పుడు చేరినవాడు తెలివితక్కువవాడని నేననను. నాలుగేళ్ళు ఓపిక పట్టగల ఇల్లు మాత్రం ఉండాలి.

వీసా చేతికి వచ్చినవాడు మొదట చూడవలసింది జీతం అంకె కాదు, యజమాని పేరు. పని బావి వద్దనా, రిఫైనరీ మరమ్మతులలోనా, భవన నిర్మాణంలోనా? జీతమిచ్చేది ఎవరు? 'ఆజాద్ వీసా' మీద వెళ్ళేవానికి ఈ ప్రశ్నలకు జవాబే ఉండదు. క్రిందటేడు ఒక విద్యార్థి తన కాగితం తెచ్చి చూపాడు. ఏజెంటు చెప్పింది చమురు కంపెనీలో ఉద్యోగమని. ఒప్పందంలో యజమాని స్థానంలో ఉన్నది పారిశుద్ధ్యపు పనులకు కూలీలను సరఫరా చేసే కంట్రాక్టరు పేరు. నేను ఆ పంక్తి మీద వేలు పెట్టి చదివి వినిపించాను. ప్రక్కన నిలబడిన తండ్రి ఏమీ మాట్లాడలేదు. అడ్వాన్సు అప్పటికే ఇచ్చివేశాడు.